కాలే ఇసుకలో అ, ఇ, ఉ

అనగా అనగా, వాగులకు ఇంకా పేర్లు పెట్టని రోజుల్లో, ఒక అడవిలో ఒక గాడిద ఉండేది. పేరు దీర్ఘనాదుడు. నిజం దాచడం అతనికి చేతకాదు. అందుకే తన గొంతు ఎంత గొప్పదో ఎవరూ అడక్కుండానే చెప్పేవాడు. "ఇంత గొంతు పెట్టుకుని దాచుకుంటే పాపం కదండీ!" అనేవాడు.

అతనికి చదువెవరూ చెప్పలేదు. ఊళ్ళో ఉన్నప్పుడు బడి వెనక కట్టేసేవారు. అక్కడ పారేసిన తాటాకుల మీది అక్షరాలు సగం చూసి, సగం మేసి పండితుడయ్యాడు.

ఒకనాడు సింహరాజు పిలిపించాడు.

"పంతులూ, మా బుజ్జిగాడికి చదువు చెప్పు. తొలకరి పడ్డనాడు వాడు సభలో తాటాకు చదివితే నువ్వే రాజగురువువి. చదవలేదో, నిన్ను మళ్ళీ ఊళ్ళోకి తోలిస్తాను. బట్టల మూటలు నీకోసమే చూస్తున్నాయట!"

మూటల మాట వినగానే దీర్ఘనాదుడి వీపు దానంతటదే వంగింది.

చెట్టునీడన ఇసుక పోసి బడి పెట్టాడు. బుజ్జిగాడితో పాటు ఒక కుందేలు పిల్ల, ఒక ఎలుగు పిల్ల చేరాయి. ఇసుకలో 'ఆ' రాసి దిద్దించి, "ఆఁ..." అని అరిచాడు. పిల్లలూ అరిచారు. 'ఈ', 'ఊ' కూడా అలాగే హాయిగా వచ్చేశాయి.

తర్వాత 'అ' రాశాడు. అది పొట్టి శబ్దం. ఇలా అని అలా వదిలెయ్యాలి. దీర్ఘనాదుడు నోరు తెరిచాడు. "ఆఁ..." అనే వచ్చింది. గాడిద నోరాయె! తెరుచుకోవడమే గాని, ఆగడం ఎరగదు.

"గురువుగారూ, అక్షరాలు రెండు, అరుపు ఒకటేనా?" అంది కుందేలు పిల్ల.

"గాడి..." అని తిట్టబోయి మింగేశాడు. ఆ బడిలో ఆ తిట్టు చెల్లదు.

మొదట గొంతు తగ్గించి చూశాడు. సన్నగా, ఇంకా పొడుగ్గా వచ్చింది. తర్వాత మూతికి తీగ చుట్టించుకున్నాడు. తీగ తెగింది. చివరికి నోటినిండా గడ్డి కుక్కుకున్నాడు. పాఠం మొదలవకముందే అది పొట్టలోకి పోయింది.

ఎండాకాలం ముగింపుకొచ్చింది. మంత్రి నక్క బడి ముందు ఆగి, "పంతులుగారూ, మూటలు మోసి చాలా కాలమైంది కదా. వీపుకి అలవాటు తప్పలేదు గదా?" అని పరామర్శించి పోయింది.

ఆ మధ్యాహ్నం దిగులుతో గొంతెండిపోయి దీర్ఘనాదుడు వాగుకు బయలుదేరాడు. నీళ్ళు దూరంగా సన్నగా పారుతున్నాయి. మధ్యలో ఇసుక నిప్పులా ఉంది.

కాలు పెట్టాడు. "అ!" తీశాడు. ఇంకో కాలు పెట్టాడు. "ఇ!" తీశాడు. "ఉ! ఎ! ఒ!" అంటూ గెంతుకుంటూ పోయి నీళ్ళలో దిగి, "ఆఁ..." అన్నాడు.

వెనకే వచ్చిన పిల్లలు ఒడ్డున పడీ పడీ నవ్వారు. కుందేలు పిల్ల మాత్రం నవ్వు ఆపేసింది. "గురువుగారూ! ఇందాక అన్నారే 'అ' అని, ఇసుకలో రాసిన పొట్టిది అదేనా?"

దీర్ఘనాదుడు నీళ్ళలో నిలబడి ఆలోచించాడు. "అదేనే తల్లీ! నాకు రాలేదు గానీ, నా కాలికి వచ్చింది!"

మర్నాటి నుంచి బడి వాగులోకి మారింది. పొట్టి అక్షరాలు కాలే ఇసుకలో రాశాడు. పొడుగువి తడి ఇసుకలో రాశాడు. కాలే అక్షరం మీద కాలు పెట్టిన వాళ్ళు "ఇ!" అని చటుక్కున తీసేవారు. చల్లని అక్షరం మీద "ఈ..." అని నిలిచిపోయేవారు. ఎలుగు పిల్లయితే 'ఊ' మీద నుంచి లేవనే లేదు.

తొలకరి పడింది. సభ తీరింది. చల్లని బండ మీద నక్క తాటాకు పరిచింది.

"ఇక్కడ ఎండా లేదు, ఇసుకా లేదు. చదవండి బాబూ!"

బుజ్జిగాడు ఆకు చూశాడు. వాడి ముందుకాలు దానంతటదే లేచింది. "ఉడుత!" అన్నాడు. "ఎలుక! అల!" తర్వాత కాలు నేలకానించి, తీరిగ్గా "ఊ...యల" అన్నాడు.

సభ దద్దరిల్లింది. నక్క ఊరుకోలేదు. "మహారాజా, పంతులుగారిని ఒక్కసారి 'అ' అనమనండి!"

అందరూ దీర్ఘనాదుడి వైపు తిరిగారు. అతనికి మూటలు కళ్ళముందు కదిలాయి. అయినా, "నాకు రాదు మహారాజా. కాళ్ళు కాలితే తప్ప రాదు," అన్నాడు.

"మాకు వచ్చు!" అని పిల్లలు ముందుకు దూకి, ఒక్క గొంతుతో "అ!" అన్నారు. అంత పొట్టిగా, అంత శుభ్రంగా ఆ అడవిలో ఎవరూ ఎన్నడూ అనలేదు.

సింహరాజు ఫక్కున నవ్వాడు. "రానిది నేర్పినవాడు మామూలు పంతులా! వీడే రాజగురువు. మంత్రీ, రేపటి నుంచి నువ్వూ ఆ బడికే పో!"

దీర్ఘనాదుడు ఆనందం పట్టలేక ధన్యవాదాలు చెప్పబోయాడు. అది సాయంత్రం దాకా సాగింది.

చల్లని నేల మీద నిలబడి 'అ' అనడం అతనికి ఈనాటికీ రాదు. అయినా ఆ అడవిలో చదవలేని పిల్ల లేదు. పిల్లల చేత పలికించగలిగినవాడే గురువు.