ప్రోలమ్మ ఎత్తని చేయి

సిద్ధయ్యగారు శిష్యులతో వాదనకు దిగేవారు కారు. ఎప్పుడో జరిగినదొకటి చెప్పి ఊరుకునేవారు. ఒక ఉదయం పాఠం ముగిశాక గుండన అనే శిష్యుడు అడిగాడు: "గురువుగారూ, సముద్రానికి అవతల యుద్ధం జరుగుతుంటే, ఇవతల ఆయుధం పట్టనివాళ్లు చేయగలిగిందేముంది?"

ఆయన చెప్పిన సంగతి ఇది.

వేలాపురం రేవులో ప్రోలమ్మ అనే ఆవిడ తెరచాపలు కుట్టేది. రేవువాళ్లు ఆమెను తమ తరఫున నగరసభకు పంపారు. అప్పటికి ఆరేళ్లుగా వేలాపురం సేన కపిలద్వీపంలో పోరాడుతోంది. సభ ఒప్పుకోకుండా సేన ఏడాదికి మించి పరాయిగడ్డ మీద ఉండకూడదని అక్కడి శాసనం. అందుకని సేనాపతి ఏటా వచ్చి అడిగేవాడు, అరవైమంది సభ్యులూ చేయెత్తి సరేననేవారు.

ఆ ఏడు ఒక్క చేయి మాత్రం లేవలేదు, ప్రోలమ్మది.

"నీ తమ్ముణ్ణి చంపింది ఆ ద్వీపంవాళ్లే కదమ్మా! వాళ్లను ఊరికే వదిలేయమంటావా?" అన్నాడు సేనాపతి.

ప్రోలమ్మ తమ్ముడి శవమైనా ఇల్లు చేరలేదు. అయినా ఆమె, "ఎన్నాళ్లు కొట్టుకున్నా చివరికి కూర్చుని మాట్లాడుకోక తప్పదు కదయ్యా. ఆ మాటలేవో ఇంకా కొందరి తమ్ముళ్లు బతికుండగానే మాట్లాడమంటున్నాను," అంది.

సభ గొల్లున నవ్వింది. అందరికన్నా గట్టిగా నవ్వినవాడు కాచన అనే పెద్దాయన. ద్రోహి అన్నవాళ్లూ ఉన్నారు. ఓడల యజమానులు ఆమెకు పనివ్వడం మానేశారు. ఆమె జాలర్ల వలలు బాగుచేసి పొట్టపోసుకుంటూ, తీరిక దొరికినప్పుడల్లా ఒక్కో సభ్యుడి గడపా తొక్కింది. ముందు రాయబారిని పంపాలి, సంధి కుదరగానే సేన తిరిగి రావాలి: ఇదే ఆమె తీర్మానం. మరుసటేడు పదకొండు చేతులు లేవలేదు.

మూడో ఏడు సభకు ముందు కాచన ఆమె దగ్గరికొచ్చాడు. ఆయన మనవడికి సేనలో చేరమని కబురొచ్చింది. "ఆ తీర్మానం నన్ను చదవనియ్యి తల్లీ. నేను చదివితే ఇంకొందరు వింటారు," అన్నాడు తల దించుకుని.

రెండేళ్లు మోసిన కాగితం. ప్రోలమ్మ దాన్ని ఆయన చేతిలో పెట్టి, వెళ్లి తన చోట కూర్చుంది. కాచన చదివాక, ఆ తీర్మానానికి ముప్పైనాలుగు చేతులు లేచాయి. రాయబారి వెళ్లాడు. నాలుగు నెలలు మాటలు తెగుతూ, అతుకుతూ సాగి, చివరికి సంధి కుదిరింది. ఓడలు తిరిగొచ్చాయి.

సిద్ధయ్యగారు ఆగారు.

"తీర్మానం కాచన పేరునే నిలిచిపోయింది కదా గురువుగారూ! ఇంతకీ ప్రోలమ్మకు దక్కిందేమిటి?" అన్నాడు గుండన.

"అది నాకు తెలియదు నాయనా. మూడో ఓడలోంచి దిగినవాళ్లలో మా నాన్న ఒకరు," అన్నారు సిద్ధయ్యగారు. "ఆ మరుసటేడు నేను పుట్టాను."