ఎర్రక్క గోంగూర, రాజుగారి జయస్తంభం

ఒకానొక రాజ్యంలో ఒక గొప్ప రాజూ, ఆయన కొలువులో ఒక బద్ధకిష్టి కవీ ఉండేవారు. రాజు పేరు రణధవళ రాయలు. కవి పేరు గుండన. రాజును అందరూ పొగిడేవారు. కవిని ఎవరూ పొగిడేవారు కారు. ఆ గుండన నేనే కాబట్టి ఈ సంగతి నాకు బాగా తెలుసు.

మూడేళ్ళ కిందట గట్టుసీమ రాజు మా మీదికి దండెత్తి వచ్చి, పెద్దేటి రేవు దగ్గర దిగాడు. ఆ యుద్ధంలో నేనూ ఉన్నాను. పద్యాలు చదివి సైన్యాన్ని ఉత్సాహపరచడం నా పని. నీళ్ళు మోసే దున్నపోతు వెనక నిలబడి, శక్తికొద్దీ ఉత్సాహపరిచాను. దున్నపోతు కొంచెం ఉత్సాహపడింది కూడా.

తెల్లవారాక రాయలవారు కవచం తొడుక్కుని గుడారంలోంచి బయటికి వచ్చారు. సరిగ్గా అప్పుడే ఎదుటి సైన్యం కత్తులు పారేసి పరుగు లంకించుకుంది. రాయలవారు ఒకసారి తన కవచం వంక చూసుకున్నారు, ఒకసారి శత్రువుల వీపుల వంక చూశారు. రెంటికీ ముడి పెట్టుకున్నారు. ఆ ముడి విప్పే ధైర్యం ఇన్నాళ్ళూ ఎవరికీ లేకపోయింది. ముందుగా నాకు లేదు.

ఒకనాడు కొలువులో రాయలవారు మీసం దువ్వుకుంటూ అన్నారు: "శత్రువు మొదట వెన్ను చూపిన చోట జయస్తంభం నిలబెడుతున్నాం. చోటు కూడా వెతికించాం. రేవు పక్కన ఏదో పూటకూళ్ళ ఇల్లు అడ్డం ఉందట. దసరా వెళ్ళగానే పడగొట్టించండి."

అది ఎర్రక్క ఇల్లు. రోజూ రెండు పూటలా నేను తినేది అక్కడే.

"గుండనా," అన్నారు రాయలవారు, "స్తంభం మీద చెక్కడానికి ఈ విజయం మీద నువ్వో కావ్యం రాయి. దసరానాటికి అంకితం పుచ్చుకుంటాను. రాయలేదో, పొలిమేర దాటి పో."

పక్కనున్న ఆస్థాన పండితుడు విరూపాక్ష సోమయాజిగారు నవ్వాపుకున్నారు. "పాపం, ప్రభూ. గుండన విస్తరి ముందు తప్ప ఎక్కడా అంతసేపు కూర్చోలేడు."

నిజమే కాబట్టి తలూపి బయటపడ్డాను.

నేరుగా ఎర్రక్క ఇంటికి పోయి కూర్చున్నాను. ఆమె చెంబుతో నీళ్ళు తెచ్చి ఠంగున పెట్టింది.

"నా పొయ్యి మీద స్తంభం లేపుతారటగా. పద్యాలు రాసేది నువ్వేనట."

"రాయకపోతే రాజ్యం వదిలి పొమ్మన్నారక్కా."

"పోరాదూ, ఓ విస్తరి మిగుల్తుంది." ఆ మాటంటూనే నా ముందు విస్తరి వేసింది. "నువ్వు ఎక్కడికైనా పోయి ఏదో ఒకటి రాసుకు బతుకుతావు. నాకీ పొయ్యి తప్ప ఏముందిరా? రేవు దాటేవాళ్ళు ఇక్కడ ఆగుతారు కాబట్టే నేను బతుకుతున్నాను."

నీళ్ళు తాగుదామని చెంబు ఎత్తాను. దాని అడుగున గట్టుసీమ రాజముద్ర ఉంది. గూట్లో చూస్తే అలాంటివే బోలెడన్ని చెంబులు.

"ఇవెక్కడివక్కా?"

"యుద్ధానికి ముందురోజు ఆ సైన్యమంతా ఇంట్లో చొరబడి వండి పెట్టమంది. పెట్టాను. గోంగూరలో నూనె బదులు దీపాల ఆముదం గుమ్మరించాను. పులుపులో వాసన తెలియలేదు. లొట్టలేసుకుంటూ మారు వడ్డించుకున్నారు. తెల్లారేసరికి కత్తులు పారేసి, చెంబులు పుచ్చుకుని, ఇదిగో ఈ పెరట్లోంచే తుమ్మపొదల్లోకి పరుగు. ఆ పొదల్లో ఏరుకొచ్చినవే ఈ చెంబులు."

"మరి రాజుగారితో చెప్పలేదేం?"

"ఏమని చెప్పను? దొరా, తమరి శత్రువులకు విరేచనాలు పట్టించింది నేనే, నాకో కడియం తొడగండి అననా? నోరు మూసుకుని తిను."

తిన్నాను. జీవితంలో మొదటిసారి, తిన్న తరవాత పడుకోకుండా గంటం పట్టుకున్నాను. ధర్మం కోసం అని చెప్పాలని ఉంది గాని, గోంగూర కోసమే.

దసరా వచ్చింది. కొలువు కిటకిటలాడుతోంది. నేను తాటాకుల కట్ట పసుపుగుడ్డలో చుట్టి, తాంబూలం పళ్ళెం పట్టుకుని వెళ్ళాను. కవికి కావ్యం కూతురనీ, అంకితం పుచ్చుకున్నవాడు అల్లుడనీ మన ఆచారం ఉంది కదా. అందుకని అడిగాను:

"ప్రభూ, తాంబూలం అందుకునే ముందు పిల్లను ఒకసారి చూసుకుంటారా?"

రాయలవారు నవ్వారు. "నా మీద రాసిన కావ్యాన్ని నేను చూసుకోవాలా?" అని, కొలువంతా చూస్తుండగా తాంబూలం తీసుకుని నోట్లో వేసుకున్నారు.

నేను కట్ట విప్పి చదవసాగాను. మొదట రోలుకు నమస్కారం. తరవాత రేవు వర్ణన. తరవాత నాయిక వర్ణన, ఆమె గరిటె తిప్పే సొగసు. రాయలవారు ఓపిక పట్టారు. గోంగూర కొయ్యడం వచ్చేసరికి సింహాసనంలో అటూ ఇటూ కదిలారు.

"గుండనా, ఇందులో నేనెప్పుడు వస్తాను?"

"చివర్లో ప్రభూ. గుడారంలోంచి."

వెనక వరుసలో సైనికులెవరో కిసుక్కుమన్నారు. ఆముదం పడింది, తెల్లవారింది, చెంబులు లేచాయి. రాయలవారి చెయ్యి కత్తి మీద పడింది.

"శత్రువులు నన్ను చూసి పారిపోలేదంటావా?"

"మిమ్మల్ని చూసే తీరిక వాళ్ళకెక్కడిది ప్రభూ?" అంటూ గట్టుసీమ ముద్ర ఉన్న చెంబు తీసి ఆయన ముందు పెట్టాను. "పిరికివాడు ఎలా పారిపోతాడో నాకు తెలుసు, ఆ విద్యలో నేను పండితుణ్ణి. భయపడ్డవాడు ఉత్తచేతులతో పరుగెత్తుతాడు. చెంబు వెతుక్కోడు."

రాయలవారు చెంబు తిప్పి చూశారు. సేనాపతి వంక చూశారు. సేనాపతి తలెత్తి పైకప్పు దూలాలు లెక్కపెడుతున్నాడు.

"నా విజయం మీద కావ్యం రాయమంటే వంటలక్క మీద రాస్తావా? నాయకుడిగా నన్నెందుకు పెట్టలేదు?"

"పెడదామనే కూర్చున్నాను ప్రభూ. కావ్యంలో ఉండేదంతా మీరే అయితే పిల్లా మీరే. అంకితం పుచ్చుకుంటే పిల్లవాడూ మీరే. తనను తానే పెళ్ళాడే రాజుకు ఏ మంత్రం చదువుతారో నాకు తెలియదు. సోమయాజిగారికి తెలుసేమో."

సోమయాజిగారు కళ్ళు మూసుకుని ఏవేవో గొణుక్కుని చూశారు. "అలాంటి మంత్రం లేదు ప్రభూ," అన్నారు చివరికి.

"అందుకని పిల్లను ఎర్రక్క ఇంట్లో పుట్టించాను," అన్నాను. "నాకు అక్క గనక పిల్లకు మేనత్త. తమరు తాంబూలం పుచ్చుకున్నారు, నమిలారు కూడా. ఇప్పుడా పూటకూళ్ళ ఇల్లు తమకు అత్తవారిల్లు. పడగొట్టించేస్తే తమ ఇష్టం. కాని రేపు దీపావళికి అల్లుణ్ణి ఎక్కడికి పిలవమంటారు?"

దున్నపోతు వెనక చోటు ఖాళీగా ఉంటే బావుండుననిపించింది నాకు.

రాయలవారు చెంబును మరోసారి తిప్పి చూశారు. తరవాత ఆయన భుజాలు కదిలాయి. మీసాలు కదిలాయి. ఇక ఆగలేక, సింహాసనం చేతులు పట్టుకుని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు.

"మూడేళ్ళుగా ఆ కవచాన్ని రోజూ తోమిస్తున్నానయ్యా," అన్నారు. "సరే మామా, ఇంటి జోలికి పోను. స్తంభం దాని పక్కనే నిలబెట్టండి. పైన సింహం వద్దు. ఈ చెంబు చెక్కండి."

అన్నమాట ప్రకారం దీపావళికి అల్లుడుగారు వచ్చారు. ఎర్రక్క కొసరి కొసరి వడ్డించింది. రాయలవారు అన్నీ తిన్నారు గాని గోంగూర దగ్గర చెయ్యి ఆగింది.

"ఇందులో ఏ నూనె వేశావు ఎర్రక్కా?"

"నువ్వుల నూనె దొరా. ఇంటల్లుడికి ఆముదం పెడతామా?"

"నమ్మాను. అయినా మామా, ముందు నువ్వో ముద్ద తిను."

తిన్నాను. అదే నాకు బహుమానమైంది. ఆనాటి నుంచి రాజుగారి విస్తట్లో మొదటి ముద్ద తినడం నా ఉద్యోగం. నా చదువుకు ఇంతకన్నా తగిన కొలువు లేదని సోమయాజిగారు కూడా ఒప్పుకున్నారు.

స్తంభం ఇప్పటికీ రేవు పక్కన ఉంది. శిల్పి ఎర్రక్క పేరు పెద్దగా చెక్కాడు, పద్యాలన్నీ చెక్కాడు. కవి పేరు దగ్గరికి వచ్చేసరికి రాయి అయిపోయింది. బాటసారులు చదివి, చెంబు చూసి నవ్వి, "ఎవరు రాశారో గాని" అంటుంటారు. ఎర్రక్క ఇంట్లో విస్తరి ముందు కూర్చున్న నాకు ఆ మాట వినబడుతూనే ఉంటుంది. నేనేనని చెబుదామనుకుంటాను. ఎప్పుడూ నోట్లో ముద్ద ఉంటుంది.