తెల్లగానే ఉన్న తువ్వాలు

సుగుణమణి టీచరంటే ఒకప్పుడు బడి బడంతా గడగడలాడేది. అంతటి మనిషీ రిటైరయ్యాక నాటకం నేర్చుకుంటానని వెళ్లి పైడమ్మ కాళ్ల దగ్గర కూర్చుంది. పైడమ్మ నాటక సమాజంలో పుట్టి, అందులోనే పళ్లూడిన ముసలిది.

చిన్నప్పుడు టీచరు ఒకసారి రాకుమారి వేషం కట్టింది. వాళ్ల నాన్న నూతి దగ్గరికి ఈడ్చుకుపోయి, కొబ్బరిపీచుతో ముఖం తోమేశాడు. మంట తగ్గింది గానీ ఆట మీద ఆశ తగ్గలేదని పైడమ్మతో చెప్పుకుంది.

పద్యం వచ్చింది, నడక వచ్చింది. ధైర్యం మాత్రం రాలేదు. ఊళ్లో సగంమంది ఆమె దగ్గర చదువుకున్నవాళ్లే మరి.

"రంగు దట్టంగా వెయ్యండమ్మా. నన్నెవరూ పోల్చుకోకూడదు. పోల్చుకున్నారో, మళ్లీ ఈ మెట్టెక్కను," అంది.

పైడమ్మ సరేనంది. ఆ సమాజంలో ఒక కట్టుబాటుంది. రంగు పడ్డాక ఆట ముగిసేదాకా అద్దం చూడకూడదు. చూస్తే వేషం విరిగిపోతుందంటారు.

ఆటనాటి సాయంత్రం టీచరు కళ్లు మూసుకుని కూర్చుంది. నుదుటి మీద, బుగ్గల మీద కుంచె చల్లగా, తాపీగా తిరిగింది. పక్కనుంచి ఎవరో ఏదో అనబోతే పైడమ్మ కసిరింది.

తెర లేచింది. అడవిపాలైన రాణి బిడ్డను వెతుక్కుంటూ వచ్చింది. ఎదురుగా మొదటి వరసలో, ఒకప్పుడు ఆమె గోడకుర్చీ వేయించిన జగ్గారావు. ఇంత రంగు వెనకున్నది ఎవరో వీడికేం తెలుస్తుందిలే అనుకుంది టీచరు. ఇక అడ్డేముంది? గుండెలు బాదుకుంది, నేల మీద పొర్లింది, బిడ్డా అని అరిచింది. జగ్గారావు కండువా కళ్లకు అద్దుకున్నాడు.

ఆట అయ్యాక టీచరు సంబరంగా లోపలికొచ్చి, ముఖానికి కొబ్బరినూనె పట్టించి, తువ్వాలుతో గట్టిగా తుడిచింది. కాస్త మట్టి తప్ప తువ్వాలు తెల్లగానే ఉంది.

మళ్లీ తుడిచింది. అద్దం లాక్కుని చూస్తే అందులో అవే ముడతలు, అదే పుట్టుమచ్చ. బడిపిల్లలంతా ఎరిగిన ముఖమే. అక్కడే కూలబడింది. ఇంతమంది ముందు ఈ ముఖంతోనా దొర్లింది, ఈ ముఖంతోనా ఏడ్చింది! చిన్ననాటి నూతిగట్టు కళ్ల ముందు తిరిగింది.

"ఏం రాశారమ్మా నాకు?" అంది.

"నీళ్లు," అంది పైడమ్మ.

అంతలో జగ్గారావు గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు. కళ్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

"మీరేనని మొదట్లోనే పోల్చుకున్నానండి టీచరుగారూ," అన్నాడు. "కాసేపటికి మర్చిపోయాను."

అతను దండం పెట్టి వెళ్లిపోయాడు. పైడమ్మ కుంచె తీసి పెట్టెలో పెట్టుకుంది.

"మీ బాబు అంత తోమినా పోని రంగుండగా, మళ్లీ నానెందుకు ఎయ్యాలే పిల్లా?"