తెంబో ఇంటి ముఖం

"తెంబో ఇంటోళ్ళూ!"

అంబర్ చాచా కేక మైదానం దాటి, రోడ్డు మీద ఆగిన బస్సుల దాకా వెళ్ళింది. మర్ఫా డప్పులు వాయించేవాళ్ళ చేతులు గాల్లోనే ఆగిపోయాయి. జవాబు రాలేదు. గోడ వారగా నిలబెట్టిన బొమ్మల వరసలో ఒక బొమ్మ పక్కన ఎవరూ లేరు. ఆ బొమ్మ వేసిన ఇద్రీస్ జనం వెనకాల నిలబడి, తన చేతిగోళ్ళకు అంటిన రంగును గీకుతున్నాడు.

ఇదంతా మొదలైంది అతను అడిగిన ఒక ప్రశ్నతో.

జౌహర్ ఉస్తాద్ ప్రశ్నలకు నోటితో జవాబిచ్చే మనిషి కాడు. ఎప్పుడో సముద్రం దాటి ఆఫ్రికా నుంచి హైదరాబాదు చేరిన సిద్దీల బస్తీలో ఆయనకో చిన్న బొమ్మలు వేసే దుకాణం ఉండేది. మేం కొందరం అక్కడ మనుషుల ముఖాలు వేయడం నేర్చుకునేవాళ్ళం. అందరిలోకీ చెయ్యి తిరిగినవాడు ఇద్రీస్. ఆ బస్తీలోనే పుట్టి పెరిగాడు. అతని కుంచె కదులుతుంటే చూస్తూ నేను నా బొమ్మ సంగతే మరిచిపోయేదాన్ని. కానీ మనిషికి కుదురుండేది కాదు. కూర్చుంటే కాలు ఆడుతుండేది, నిలబడితే వీధిలోకి చూసేవాడు, ఎవరో పిలిచినట్టు.

ఒకసారి బస్సులో మా ఎదుటే ఒకాయన అతన్ని అడిగాడు: "ఏ దేశం బ్రదర్ నీది?"

"మాది గీడనే అన్నా. రెండు స్టాపులైనంక దిగుత."

"అబ్బో, తెలుగు మస్తుగ నేర్చుకున్నవే!" అని ఆయన మెచ్చుకున్నాడు. బస్సంతా నవ్వింది. ఇద్రీస్ కూడా నవ్వాడు. దిగేదాకా మాత్రం కిటికీ అద్దంలో తన ముఖాన్నే చూసుకున్నాడు.

దుకాణానికి వచ్చేవాళ్ళందరిదీ ఒకటే మాట, "భయ్యా, మొహం జర తెల్లగ కొట్టు" అని. ఇద్రీస్ కొట్టేవాడు. బొమ్మ చూసుకుని వాళ్ళు మురిసిపోవడం చూసి చూసి, ఒక మధ్యాహ్నం ఉండబట్టలేక అడిగాడు:

"ఉస్తాద్, బొమ్మల మనిషిని ఉన్నదానికంటె జర మంచిగ చూపిస్తే తప్పా?"

ఉస్తాద్ కుంచెలు కడుగుతూ, "మీ దాదీ వాళ్ళ నాయన బొమ్మ కావాలన్నది గద. వేసి మైదానానికి తీస్కపో. నాకు చూపియ్యకు" అన్నాడు.

మైదానం సంగతి చెప్పాలి. మనకు ఇంటిపేర్లున్నట్టే ఆ బస్తీలో వంశాలకు పేర్లున్నాయి. వాటి అర్థాలు చాలామంది మరిచిపోయారు. పేర్లను మాత్రం మరవలేదు. ఏడాదికోసారి ఒక సాయంత్రం ఒక్కో ఇల్లు తన పెద్దమనిషి బొమ్మను తెచ్చి గోడకు ఆనిస్తుంది. అంబర్ చాచా ఇంటిపేరు పెట్టి పిలుస్తాడు. ఆ ఇంటివాళ్ళు బొమ్మ పక్కన నిలబడి "ఉన్నం!" అంటారు. వెంటనే మర్ఫా మోగుతుంది, పిల్లలూ ముసలివాళ్ళూ ఒక్కటై ఎగురుతారు. జవాబు రాకపోతే మర్ఫా మోగదు. మరుసటి ఏడు నుంచి ఆ పేరును ఇక పిలవరు. కిందటేడు అలాగే ఒక పేరు పోయింది. దాన్ని గురించి ఎవరూ మాట్లాడరు.

తెంబో ఇంట్లో మిగిలింది సఫూరా దాదీ, మనవడు ఇద్రీస్. దాదీ తండ్రిది ఒకే ఒక్క పాత ఫోటో ఉండేది, అదీ బొటనవేలంత. చెమ్మకు ముఖమంతా చెరిగి మరకలా మిగిలింది. అందుకని దాదీ మనవడి పక్కన కూర్చుని మాటలతో చెప్పింది: "నిగనిగలాడే వంకాయ మీద ఎండ పడితే ఎట్లుంటది? గట్లుండె మా నాయన. ముక్కు ఇంత వెడల్పు. నవ్విండంటే సగం గల్లీకి పండుగ."

ఆ ఏడు మైదానంలో, సాయంత్రం ఇద్రీస్ బొమ్మ మీది గుడ్డ తీశాడు. షేర్వానీలో, సన్నని ముక్కుతో, పాలమీగడ రంగు బుగ్గలతో ఒక పెద్దమనిషి. పని మాత్రం అద్భుతం. చుట్టూ చేరినవాళ్ళు "వహ్వా" అన్నారు.

దాదీ కళ్ళజోడు తుడుచుకుని దగ్గరికొచ్చి చూసింది.

"ఎవరు బేటా ఈ సేటు? చానా అందంగున్నడు. మా నాయనేడి?"

జనం ఘొల్లుమన్నారు. దాదీ మాత్రం నవ్వలేదు. వెళ్ళి దూరంగా ఒక కుర్చీలో కూర్చుంది.

అప్పుడే అంబర్ చాచా కేక పడింది. రెండోసారి పిలిచేటప్పటికి ఆయన గొంతులో బెదురు తెలిసింది.

"తెంబో ఇంటోళ్ళూ! సఫూరా ఆపా, గీడనే ఉన్నవు గద. జవాబియ్యవేంది?"

"నేనున్న అంబర్. గని పరాయి మనిషి పక్కన నిలబడి 'ఉన్నం' అని ఎట్లంట?"

"బొమ్మ పక్కన నిలబడకుంటే మర్ఫా కొట్టేదెట్ల ఆపా? పేరు పోతది!"

"పోనీ. సముద్రం మీదికెల్లి మా తాత ఆ పేరు తెచ్చింది అబద్ధం మీద నిలబడెటందుకు గాదు. నాయన దాన్ని కాపాడిండు. నా చేతుల పోతే పోనీ."

మైదానమంతా ఇద్రీస్ వైపు తిరిగింది. అతను ఉస్తాద్ కోసం చూశాడు. ఉస్తాద్ గోడ చివర సోడా తాగుతూ, ఆకాశంలో ఎగిరే కొంగల్ని చూస్తున్నాడు. ఇద్రీస్ ఒక అడుగు ముందుకు వేశాడు, ఆగాడు, మళ్ళీ వేశాడు. ఆ కొంచెం దూరం నడవడానికి అతనికి ఎంతసేపు పట్టిందో! చివరికి బొమ్మ పక్కన చేరి, జనాన్ని కాక దాదీనే చూస్తూ నోరు తెరిచాడు.

"దాదీ, నువ్వు చెప్పిన రంగు నేను కలిపిన. నువ్వు చెప్పినట్టే వేసిన గూడ, ముక్కు, పెదవులు, అన్నీ. పూర్తయినంక జూస్తే... అది నా మొహమే. అచ్చం నేనే. నాకు నచ్చలే. దుకాణంల ఎవలూ లేనప్పుడు దాని మీద ఈ సేటును వేసిన. నీ నాయనను జూసి సిగ్గుపడలే దాదీ. నన్ను నేను జూస్కొని సిగ్గుపడ్డ."

దాదీ కర్ర పట్టుకుని లేచింది. వచ్చి, బొమ్మ వైపు చూడకుండా మనవడి గడ్డం పట్టుకుని ముఖాన్ని వెలుతురు వైపు తిప్పింది. ఇటు చూసింది, అటు చూసింది.

"ఉన్నం!" అని అరిచింది.

మర్ఫా మోగింది. నేల అదిరింది. ఆ మోతలోనే ఉస్తాద్ సోడా బుడ్డి పక్కన పెట్టి మెల్లగా నడిచి వచ్చాడు. షేర్వానీ పెద్దమనిషి చెంపను చూపుడువేలితో తాకి, అంటిన తెల్లటి రంగును ఇద్రీస్‌కు చూపించాడు.

"పైది ఇంక పచ్చిగనే ఉన్నది," అన్నాడు. "కిందిది ఎప్పుడో ఆరింది."