పొట్టు ఇటుకల గది

నస్రీన్ కట్టిన గది మధ్యాహ్నమయ్యేసరికి ఎందుకో వేడెక్కిపోతోంది.

అనంతపురంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఆమె వేదాచలం గారి దగ్గర పరిశోధన చేస్తోంది. మట్టిలో వేరుశనగ పొట్టు కలిపి ఇటుకలు చేసింది. బట్టీలో పొట్టు కాలిపోయి, ఇటుక నిండా సన్నటి బొరియలు మిగులుతాయి. ఆ బొరియల్లో నిలిచిన గాలి ఎండ వేడిని తొందరగా లోపలికి రానివ్వదు. ల్యాబులో పరీక్షిస్తే ఇటుక బాగానే ఉంది. దాంతో పరీక్ష కోసం కట్టిన గదే మాట వినడం లేదు.

పక్కనే ఓబులేసు గది. అతనూ వేదాచలం గారి శిష్యుడే. అతనివి బూడిద ఇటుకలు. ఆ గది చల్లగా ఉంటోంది. ఎవరి ఇటుక నెగ్గితే దాంతోనే కొత్త హాస్టలు కడతారు.

రెండు గదుల తాళంచెవులూ ల్యాబులో ఒకే మేకుకు వేలాడుతుంటాయి.

తను క్లాసుకు వెళ్లినప్పుడు ఓబులేసు తలుపు తీసి వడగాలిని లోపలికి వదులుతున్నాడా? మొన్న తను రాగానే ఫోను పెట్టేశాడెందుకు? నస్రీన్‌కి మనసు మనసులో లేదు. ఒక పొద్దున తలుపునీ ద్వారబంధాన్నీ కలుపుతూ, కనపడకుండా ఒక కాగితం ముక్క అంటించింది. సాయంత్రం చూస్తే కాగితం చెక్కుచెదరలేదు. గది మాత్రం సెగలు కక్కుతోంది.

'ఎంత తెలివి! తీసి మళ్లీ అంటించాడు' అనుకుంది.

మర్నాడు నేరుగా గురువు దగ్గరికి వెళ్లింది.

“ఓబులేసును ఈ పని నుంచి తప్పించండి సార్. నా గది తలుపు తీస్తున్నాడు.”

“చూశావా?”

“చూడక్కర్లేదు సార్. దొరక్కుండా చేస్తున్నాడు.”

వేదాచలం గారు సొరుగులోంచి అగరుబత్తీల పెట్టె తీసుకుని లేచారు. “పదమ్మా.”

బయట ఎండ మాడ్చేస్తోంది. గాలి విసురుగా కొడుతోంది. ఇద్దరూ గదిలోకి వెళ్లారు. ఆయన లోపల గడియ పెట్టి, బత్తీ వెలిగించి, గోడల వెంబడి మెల్లగా నడిచారు. పొగ నిటారుగా లేస్తోంది. పడమటి గోడ దగ్గర చెయ్యి పైకెత్తారు. పొగ ఒక్కసారిగా అడ్డం తిరిగి గది మధ్యకు కొట్టుకొచ్చింది.

నస్రీన్ స్టూలెక్కి చెయ్యి పెట్టింది. వేళ్లకు వేడిగాలి తగిలింది. గోడ కప్పును కలిసేచోట, నీడలో కంటికి ఆనని సందు. గోడ పొడవునా ఉంది.

“ఇక్కడ పూత ఎవరు పూశారు?”

వాన వచ్చేలా ఉందని తొందర తొందరగా తనే పూసింది. ఆ రోజు కింద నిచ్చెన పట్టుకుని నిలబడింది ఓబులేసే. “ఇంకోసారి పూస్తే మంచిదేమో” అని కూడా అన్నాడు.

“ఓబులేసును తప్పించమంటావా?”

“వద్దు సార్” అంటూ ఆమె స్టూలు దిగింది.

ఆయన బత్తీని నేలకు అదిమి ఆర్పారు.

“పొగకి ఎవరి మీదా అనుమానం లేదమ్మా. అందుకే దానికి సందు దొరికింది.”