పులితలకు పలికిన ధర

గోమేదకపురి అనే చిన్న రాజ్యాన్ని ప్రతాపకేసరి ఏలుతున్న రోజులవి. రాజ్యం చిన్నదే కానీ రాజుగారి కొలువుకూటం గోడలు మాత్రం చాలా పెద్దవి. వాటి నిండా ఆయన వేటాడిన పులులు, దున్నలు, దుప్పుల తలలు. గడ్డి కూరిన మెడలతో, గాజుకళ్లతో అవి వచ్చినవాళ్లనల్లా గుడ్లురిమి చూస్తుండేవి.

ఆ ఏడు సరిగ్గా జొన్న కోతల వేళ రాజుగారికి వేట మీద మనసు పోయింది. ఏడు ఊళ్ల మగవాళ్లూ కొడవళ్లు వదిలి, డప్పులతో అడవికొచ్చి మృగాలను తోలాలని చాటింపు వేయించాడు. కొలువులో హాస్యగాడైన తిప్పన్నకు కడుపు మండిపోయింది. నిరుడు ఇలాగే తోలబోయి అతని బావ పోలయ్య ఎలుగుబంటి పాలయ్యాడు.

"ప్రభూ, కోతలయ్యాక వెళదాం. ఈ వారం దాటితే గింజ రాలిపోతుంది," అన్నాడు.

"బోడి జొన్నలు!" అన్నట్టు రాజు మూతి విరిచాడు. "ఈ గోడలు చూశావా? ఒక్కో తలా వెయ్యి వరహాలు చేస్తుంది. కరువొస్తే ఇవి అమ్మి రాజ్యమంతటికీ అన్నం పెడతాను!"

"అయితే ఒకటి అమ్మి చూద్దాం. అందులో పదోవంతు పలికినా డప్పు మెడలో వేసుకుని నేనే ముందు నడుస్తాను. పలక్కపోతే వేట మానాలి. తమరిదని తెలిస్తే జనం భయంతో కొంటారు కనుక మారువేషంలో వెళదాం."

రాజు ధీమాగా ఒప్పుకున్నాడు. తనకెంతో ఇష్టమైన పెద్దపులి తల దింపించి, మర్నాడు షావుకారు వేషంలో సంతలో కూర్చున్నాడు. పక్కనే తిప్పన్న.

పొద్దెక్కాక తోళ్ల వ్యాపారి ఒకడు ఆగి పులి చెవి పట్టి లాగాడు. అది ఊడి చేతికొచ్చింది.

"పురుగు తొలిచేసిందయ్యా. చెప్పుకు అతుకు వేయడానికీ పనికిరాదు," అని చెవిని రాజు చేతిలో పెట్టి పోయాడు.

తర్వాత పాలమ్మే గౌరమ్మ వచ్చింది. పులి మెడలోంచి గుప్పెడు గడ్డి లాగి వాసన చూసింది. "ఛీ, ముక్కిపోయింది! మా గేదె మూతి కూడా పెట్టదు."

రాజు ఉడికిపోయాడు. "ఎంత వీరుడు కొట్టిన పులో తెలుసా ఇది?"

"ఎవరు కొడితే ఏం నాయనా? బతికున్నప్పుడు మా చేలోకి అడవిపందిని రానిచ్చేది కాదు. ఇప్పుడు దీనివల్ల ఎవరికేం లాభం?"

సాయంత్రానికి బేరమాడింది కుమ్మరి మల్లన్న ఒక్కడే. "కోతులు కుండలు పగలగొడుతున్నాయి. దీన్ని పెరట్లో కర్రకు గుచ్చుతాను. ఒక పిడత ఇస్తా. కాస్త పగిలిందిలే."



"ఇచ్చేయండి షావుకారుగారూ," అన్నాడు తిప్పన్న. "రేపటికైతే మనమే ఎదురు పిడత ఇవ్వాలి."

రాజు పళ్లు కొరికాడు. అరచేతిలోని చెవిని చూశాడు. ఒంటిచెవి పులిని చూశాడు. అంతే, తలపాగా జారిపోయేలా పగలబడి నవ్వాడు.

వేట ఆగింది. పోలయ్య భార్యకు మాగాణి దక్కింది. మిగతా తలలు పిట్టలను బెదిరించడానికి జొన్నచేలకు వెళ్లాయి. పిట్టలు దున్న కొమ్ముల మీద కూర్చుని హాయిగా గింజలు తిన్నాయి.

"తిప్పన్నా, నీకూ బహుమానం ఇవ్వాలి. నచ్చిన తల ఒకటి తీసుకుపో," అన్నాడు రాజు.

తిప్పన్న గడగడలాడుతూ చేతులు జోడించాడు. "ప్రభూ, నేను చేసిన నేరమేమిటి?"

రాజు మళ్లీ నవ్వి, తన బంగారు కడియం తీసి అతని చేతికి తొడిగాడు.