పెట్రోలు మూత

ఓబులాచారికి ఒక అలవాటు ఉండేది. ఎవరు ఏ ప్రశ్న అడిగినా అక్కడికక్కడ బదులు చెప్పేవాడు కాదు. "చూద్దాం పా" అని భుజాన తువ్వాలు వేసుకుని లేచేవాడు. జమ్మలమడుగులో నలభై ఏళ్లు లారీల రిపేరు షెడ్డు నడిపిన మనిషి. ఒంట్లో సత్తువ తగ్గాక సుత్తి పక్కన పెట్టి, ప్రతి సోమవారం సాయంత్రం అదే షెడ్డులో తత్వాలు పాడుకునేవాడు. వినడానికి వచ్చినవాళ్లు ఆయన్ని గురువన్నారు. ఆయన ఔననలేదు, కాదనలేదు. వాదన పెట్టుకుందామని వచ్చినవాళ్లు మాత్రం ఆయన దగ్గర ఊరికే టీ తాగి వెళ్లిపోయేవాళ్లు.

ఆయన శిష్యుల్లో సుబ్బరత్నమ్మ ఒకతె. చుట్టుపక్కల నాలుగు పల్లెలకు ఆమే నర్సు. పదిహేడేళ్లుగా ఆ పల్లెల్లో పుట్టిన బిడ్డలు చాలావరకు ఆమె చేతుల మీదే కళ్లు తెరిచారు. ఇంత చేసినా ఎవరింట్లోనూ గ్లాసెడు మంచినీళ్లు ముట్టేది కాదు. రొట్టె కట్టిస్తే వద్దనేది. తనకు జ్వరమొస్తే తలుపు వేసుకుని పడుకునేదే గానీ ఎవరికీ చెప్పేది కాదు. జనం ఆమెను దేవత అనేవారు. ఆ మాటకు మొదట్లో మొహమాటపడింది. తర్వాత అలవాటైంది. ఉన్నమాట చెప్పుకోవాలంటే, రుచించింది కూడా.

దసరా వెళ్లిన మర్నాడు పొద్దున్నే ఆమె షెడ్డుకు వచ్చింది. చేతిలో మడత పెట్టిన కాగితం ఉంది.

"సామీ, నాలో ఇంక ఏమీ మిగల్లేదు. మొన్న ఒక పసిబిడ్డ ఏడుస్తాంటే చేతుల్లోకి తీసుకోబుద్ధి కాలేదు. గోడకానుకోని అట్లే నిలబడిపోయినా. మనసులో ఎంత వెదికినా చుక్క ప్రేమ దొరకలా. నాకేమైంది సామీ?"

ఆ కాగితం రాజీనామా. ఆ రోజే కడప ఆఫీసులో ఇచ్చేసి రావాలని ఆమె నిర్ణయం. ఆ పని తప్ప ఆమెకు వేరే బతుకు లేదని ఆచారికి తెలుసు. ఆయన కాగితం వైపు చూడనైనా చూడలేదు.

"కడపకేనా? నాకూ పనుండాది. చూద్దాం పా" అన్నాడు.

బాడుగ కారు కుళ్లాయప్పది. పాతదే గానీ కన్నబిడ్డలా చూసుకునేవాడు. రెండు రోజుల కిందట ఆయుధపూజ చేశాడేమో, ముందర బంతిపూల దండ ఇంకా వేలాడుతోంది. చక్రాలకూ తలుపులకూ స్టీరింగుకూ ఎక్కడ చూసినా పసుపూ బొట్లూ. మధ్యాహ్నం రెండింటికి ముగ్గురూ బయలుదేరారు. ఎర్రగుంట్ల దాటి, నాపరాళ్ల గుట్టలు వెనకబడ్డాక, కారు రెండుసార్లు ఎగిరెగిరి పడి, రోడ్డు పక్కకు దిగేలోపే ఆగిపోయింది.

కుళ్లాయప్ప తాళం తిప్పాడు. సెల్ఫు గట్టిగానే తిరిగింది గానీ ఇంజను అందుకోలేదు. "బ్యాటరీ బాగుండాది" అంటూ దిగి బానెట్ ఎత్తాడు. ఒక ప్లగ్గు ఊడదీసి, ఇంజను ఇనుముకు ఆనించి, "నర్సమ్మా, కాస్త తాళం తిప్పు" అన్నాడు. సుబ్బరత్నమ్మ ముందు సీట్లోకి జరిగి తిప్పింది. టిక్కు టిక్కుమని నీలం మెరుపు దూకింది. కరెంటుకు లోటు లేదని తేలింది. ప్లగ్గు బిగించి, కార్బొరేటరుకు వచ్చే పైపు ఊడదీసి మళ్లీ తిప్పమన్నాడు. పైపులోంచి ఒక్క చుక్క రాలేదు.

"ట్యాంకు నిండా ఉండాది. పొద్దున్నే పోయించినా, ముల్లు చూడండి. లాగేదే లాగడంలేదు. పంపు సచ్చిపోయింది సామీ. దీన్ని ఊడదీసి పారేసి కొత్తది ఏయాల్సిందే" అని తేల్చేశాడు.

సుబ్బరత్నమ్మ మొహం పాలిపోయింది. పంపు గురించి అన్న మాటే అయినా తనకే తీర్పు చెప్పినట్టు తగిలింది ఆమెకు. పైగా ఆఫీసు అయిదింటికి మూసేస్తారు. ఈ రోజు ఇవ్వకపోతే రేపు ఇచ్చే ధైర్యం తనకు ఉండదని భయం. ఇస్తే ఎట్లా బతకాలో అదీ తెలియదు. స్టీరింగు ముందు అట్లాగే కూర్చుండిపోయింది.

ఆచారి అంతవరకూ తుమ్మచెట్టు నీడలో నిలబడి చూస్తున్నాడు. అప్పుడు నెమ్మదిగా అడిగాడు.

"కుళ్లాయప్పా, ఇది ఇప్పుడే నిలబడిందా, ముందు కూడా నిలబడిందా?"

కుళ్లాయప్ప బుర్ర గోక్కున్నాడు. చెప్పాలంటే సిగ్గేసింది. "పండగనుంచి ఇది మూడోసారి సామీ. ఇరవై కిలోమీటర్లు చక్కగా పోతాది. ఉన్నట్టుండి నిలబడిపోతాది. ఒక గంట వదిలేస్తే దానంతటదే మళ్లా లేస్తాది."

"సచ్చిన పంపు గంటకు లేస్తాదా?"

ఆచారి బానెట్ వైపు పోనేలేదు. తిన్నగా కారు వెనక్కి నడిచి, పెట్రోలు పోసే మూత దగ్గర వంగాడు. మూత మీద వేలెడు మందాన పసుపు ముద్ద, దాని నడుమ రూపాయి బిళ్లంత కుంకుమ. ఎండకు అంతా గట్టిపడి పెంకు కట్టింది. ఆయన తువ్వాలుతో పట్టి మూత తిప్పాడు. కొంచెం వదులయ్యిందో లేదో స్‌స్‌స్‌మని చప్పుడు చేస్తూ గాలి లోపలికి దూసుకుపోయింది. నీళ్లలో మునిగినవాడు పైకి తేలి ఊపిరి పీల్చుకున్నట్టు ఉంది. ముందు సీట్లో ఉన్న సుబ్బరత్నమ్మకు కూడా వినిపించింది.

"పైపు తగిలించు. అమ్మా, ఇప్పుడు తిప్పు."

మొదటిసారి తిరిగి ఊరుకుంది. రెండోసారి దగ్గింది. మూడోసారికి ఇంజను అందుకుంది. సుబ్బరత్నమ్మ తాళం మీద నుంచి చెయ్యి తీయడం మరిచిపోయి నవ్వేసింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. ఆమె నవ్వి ఎన్నాళ్లయిందో ఆమెకే గుర్తులేదు.

ఆచారి మూతను అరచేతిలో పెట్టుకుని, "రత్నమ్మా, నీ గాజులకు పిన్నీసు ఉంటే ఇట్లియ్యి" అన్నాడు. ఆమె తీసి ఇచ్చింది. పసుపు పెంకు గీకితే దాని అడుగున సూదిమొనంత బెజ్జం బయటపడింది.

"దీన్లోంచి గాలి లోపలికి పోవాల. బయటికి పోయిన పెట్రోలు చోటు గాలి నింపాల. లేదంటే ట్యాంకు నిండుగా ఉన్నా పంపుకు చుక్క అందదు" అన్నాడు బెజ్జం పొడుస్తూ.

కుళ్లాయప్ప తల పట్టుకున్నాడు. "మా ఆడామె పని సామీ. బండికి అన్నం పెట్టే నోరు ఇదే గదా, దీనికి పసుపు లేకుంటే ఎట్లా అని చేతెడు ముద్ద మెత్తింది. నేనూ ఊరుకుంటి."

"భక్తిలో తప్పులేదురా. బెజ్జం మీద పడింది, అంతే."

కారు మళ్లీ బయలుదేరింది. కుళ్లాయప్ప చూపు రోడ్డు మీద కంటే మీటరు మీదే ఎక్కువగా ఉంది. ఇరవయ్యో కిలోమీటరు దగ్గర ముగ్గురూ మాటలు ఆపేసి ఇంజను చప్పుడు విన్నారు. కారుకు ఆ సంగతే పట్టలేదు. నిక్షేపంగా సాగిపోయింది. కుళ్లాయప్ప గట్టిగా ఊపిరి వదిలి సీట్లో వెనక్కి వాలాడు.

కడప పొలిమేర వచ్చేసరికి నాలుగైంది. "నర్సమ్మా, ఆఫీసుకేనా?" అని అడిగాడు కుళ్లాయప్ప.

సుబ్బరత్నమ్మ ఒళ్లో ఉన్న కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి సంచిలో వేసుకుంది.

"ఆఫీసుకే పోనీ. ఇంకో కాగితం రాసిస్తా. నెల రోజులు సెలవు కావాలని. పులివెందులలో మా అక్క నాలుగేళ్లుగా రమ్మంటాంది. పోయి ఆమె చేత తలంటించుకుంటా. ఆమె వండిపెడితే కూర్చోని తింటా."

ఆ మాట పైకి అన్నాక గుండెల మీది బరువు సగం దిగినట్టయింది. అయినా మిగిలిన సగం ఊరుకోలేదు. ఆచారి వైపు తిరిగింది.

"తిరిగొచ్చినాక మళ్లీ అట్లే నిలబడిపోతే ఎట్లా సామీ?"

ఆచారి పిన్నీసును తువ్వాలుతో శుభ్రంగా తుడిచి ఆమె చేతిలో పెట్టాడు.

"నిలబడితే నిలబడనీమ్మా. పంపు ఊడదీసే ముందు మూత తీసి చూడు."